కంప్యూటరుకు కావలి

ఎర్రదా నీలందా అని నన్ను అడుగకున్రి అన్నా. నాలుగు ఐతారాలు ఈ అర్రల కూసోని మీ దోస్తు, ఆయన దోస్తులు అదే ముచ్చట. నా బిడ్డకు సంబంధం జూసినప్పుడు గూడ మా ఇంట్ల గంత ఇచారణ జెయ్యలే.

కూసోన్రి. మా ఇంటాయన, మీ దోస్తు, న్యాల్‌కల్ పోయిండు, చెరుకు కోతల కాడికి. అయిదు గంటల బస్సుకు వస్తడు. చాయ్ తాగున్రి. నా గొంతు సన్నగ ఉంటది, కుర్చీ జర ఇటు జరుపుకోన్రి.

మీరు అడిగినయి రెండు. ఇంట్ల కొత్తగ పెట్టుకున్న కంప్యూటరుకు వైరస్ తగులకుంట ఏ ఫ్లాపీ కొనాలె, అదొకటి. మా దగ్గర పని జేసిన తారాబాయిని మీ బడి కాయిదాలు టైపు జేసెతందుకు పెట్టుకోవచ్చునా, అదొకటి. మీ దోస్తునడిగితె రెండు మాటల్ల జెప్తడు. ఎర్రది కొను, ఆ పిల్లను గడప తొక్కనియ్యకు, అంతే. నేను జెప్పేది జర లంబ.

పోయిన ఏడు, ఎనభై ఎనిమిది దసరాకు, ఆ డబ్బ మా ఇంట్లకు వచ్చింది. ఎందుకు కొన్నరని అడుగుతరా? హైదరాబాదుల వాళ్ళ చిన్నాయన కొడుకు కొన్నడు, గందుకే. దానికి ఒక అర్ర ఖాళీ జేపిచ్చిండు. చెప్పులు బయట ఇడువాలె. దుమ్ము పడొద్దని కిటికీలు మూసిండు. దేవునర్రల ఎన్నడు తల వంచనాయన దాని ముంగట చేతులు కట్టుకోని నిలవడ్డడు.

కొన్నంక పని గావాలె గద. అప్పుడు నేను యాదికొచ్చిన.

మా అత్తగారింటి ఏడు తరాల ముచ్చట నా నోట్ల ఉంటది, మీకు ఎరుకే. ఎవలు ఎప్పుడు పోయిన్రు, ఏ తిథి, ఎవల బిడ్డను ఏ ఊరికిచ్చిన్రు. తద్దినాలు దగ్గర పడితె రాయికోడ్ నుంచి గూడ మనిషిని పంపుతరు, అనంతమ్మనడిగి రమ్మని. అదంత మిషనుల ఎక్కియ్యాలె అన్నడు. టైపు జేసెతందుకు తారను పెట్టిండు. చిరాగ్‌పల్లిల హైవే మీద లారీలకు పంక్చర్లు ఏసే ఎంకయ్య బిడ్డ. సంగారెడ్డి పోయి కంప్యూటరు నేర్చుకోని వచ్చింది.

రోజూ పగటిపూట వచ్చేది. నేను జెప్పుడు, ఆమె కొట్టుడు. నేను మొగోళ్ళ పేర్లే జెప్పుకుంట పోతున్న. ఒకనాడు చేతులు ఆపి, "ఈయన భార్య పేరేందమ్మా?" అన్నది. నన్ను గా మాట ఎవలు అడుగలే అన్నా, ముప్పై ఏండ్లల్ల. తెలిసినయి జెప్పిన. తెల్వని కాడ జాగ ఇడిచిపెట్టింది. యాదికొస్తె రాద్దాం అన్నది.

ఇగ, కంప్యూటర్లకు గూడ రోగాలొస్తయని ఏదో పేపర్ల చదివిండు మీ దోస్తు. ఆయన దోస్తు నర్సింలుకు జలుబైతె వాకిట్లనే కూసోబెట్టిండు, లోపలికొస్తె మిషనుకు అంటుతదని. నర్సింలు గూడ మంచిగనే కూసున్నడు, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకోని. నేను నవ్వలే. ఆయన మీద నవ్వుడు నాకు అలవాటు లేదు. హైదరాబాదు నుంచి సేల్సుమాన్ వచ్చి నవ్విండు, అప్పుడు తెలిసింది వాళ్ళకు.

అటెన్క బేరాలు. నీలం డబ్బాయన మా ఫ్లాపీ ఇరవై తీర్ల వైరస్‌లను పడ్తది అన్నడు. ఎర్ర డబ్బాయన ముప్పై ఆరు అన్నడు. అవి ఏవేవని ఒక్కలన్న అడిగిన్రా? ముప్పై ఆరు ఎక్కువ గద, ఎర్రది కొన్నరు. నీలందాని మీద ఇంగ్లీషు బాగున్నదని అదీ కొన్నరు. చదువుకున్నోళ్ళు అన్నా వీళ్ళంత.

రెండూ ఒక్క మిషనుల ఏసిన్రు. ఎర్రది నీలందాన్ని జూసి ఇదే రోగం అంటది. నీలంది ఎర్రదాన్ని జూసి అదే మాట అంటది. పొద్దంత కుయ్యి కుయ్యిమని మొత్తుకునుడు. మా ఇంట్ల ముగ్గురు తోడికోడండ్లం ఒక్క పొయ్యి మీద వండినప్పుడు గూడ గంత లొల్లి లేకుండె. ఇద్దరు కాపలోళ్ళు ఒకల గల్ల ఒకలు పట్టుకోని కూసున్నరు. రోజూ మొత్తుకునేదే గద అని, అది నిజంగ మొత్తుకున్ననాడు ఎవలు లేచి జూడలే.

తార మొదటి దినమే జెప్పింది. ఫ్లాపీ పక్కకు చిన్న గంటు ఉంటది, దాని మీద నల్ల పట్టి అతికిస్తె లోపట ఏదీ రాయరాదు. బయటి ఫ్లాపీ ఏదీ మిషనుల పెట్టొద్దు. రాసింది రాసినట్టు ఇంకో నకలు తీసి పక్కకు పెట్టుకోవాలె. మూడే మాటలు. మీ దోస్తు ఏమన్నడు? "పంక్చరోని బిడ్డ నాకు నేర్పుతదా?" అన్నడు. ఆ పిల్ల ఇనేటట్టే అన్నడు.

జ్యేష్ఠంల ఒకనాడు బటన్ నొక్కంగనే తెర మీద ఏదో ఇంగ్లీషు మాట వచ్చింది. ఇంకేం రాలే. ఏడు తరాలు పోయినయి.

సేల్సుమాన్ వచ్చి ఉన్న ఫ్లాపీలన్ని జూసి అన్నిట్ల రోగం ఉన్నదన్నడు. తార సంచిల ఆమె నేర్చుకునే ఫ్లాపీ ఒకటుండె, దాంట్ల గూడ ఉన్నది. ఇగ చాలు, దొంగ దొరికింది. ఆ ఫ్లాపీ గూడ మా మిషనుల పెట్టిందే గద, అన్నిటికి అంటింది దానికి అంటదా, అని అడిగేటంత తెలివి ఆ అర్రల ఎవలకు లేదు. అంటింది అంటె ఎటు దిక్కు జూడాలెనో మా ఇంటోళ్ళకు ఒకలు నేర్పే పని లేదన్నా. ఆ పిల్లకు నీళ్ళు ఇచ్చే గిలాస ఏదో మీరు వచ్చేటప్పుడు జూసే ఉంటరు. బయట గూట్ల ఇంకా అట్లనే ఉన్నది.

తార ఏడ్వలే. "నాది కాదు సార్" అన్నది ఒక్కసారి. అని నా దిక్కు జూసింది. నేను దీపానికి ఒత్తులు జేసుకుంట కూసున్న.

అటెన్క ఎవలడిగినా మీ దోస్తు ఒకటే మాట. ఆ పిల్ల చెయ్యి పెడితె మిషను పోతది అని. బస్టాండు కాడి టైపు దుకానపాయన గూడ వద్దన్నడంట. ఇప్పుడు తండ్రి కాడ కూసోని ట్యూబులు నీళ్ళల్ల ముంచి బుడగలు జూస్తున్నది. గంత చదువు చదివి.

ఆ పిల్ల పని పోయిన మూడో దినం ఎంకయ్య వచ్చిండు. వాకిట్లనే నిలవడ్డడు. ఒక ఫ్లాపీ తెచ్చిండు, ప్లాస్టిక్ కవర్ల జుట్టి, గంటు మీద నల్ల పట్టి అతికిచ్చి. "నా బిడ్డ చైత్రంల తీసిన నకలంటమ్మా. మీ పేర్లన్ని దీంట్ల మంచిగున్నయంట. మీయి మీకు ఇచ్చి రమ్మన్నది" అన్నడు. పని పోయిన పిల్ల పంపింది అన్నా.

మీ దోస్తు దాన్ని చిమ్టతోని పట్టుకోని పోయి, నీళ్ళు కాగే పొయ్యిల ఏసిండు. మళ్ళ రోగం ఇంట్లకు రావొద్దని. ఎంకయ్య జూస్తనే ఉన్నడు. నేను గూడ. నేను పొయ్యి పక్కకే ఉన్న. చెయ్యి చాపితె అందేటంత దూరం.

ఎందుకు ఊకున్నవని అడుగుతలేరు మీరు. పెద్దమనిషి గద. నేనే జెప్త.

మా మామ అక్క బస్వమ్మ. చిన్నప్పుడే మొగుడు పోయిండు, పిల్లల్లేరు. ఆమెకు తద్దినం పెట్టేటోళ్ళు లేరు. పోయే ముందు నా చెయ్యి పట్టుకోని, "నా దినం నువ్వన్న యాదుంచుకో బిడ్డా" అన్నది. ఏటేటా ఆ దినం ఒక ముసలామెను పిలిచి అన్నం పెడ్తుంటి. తారకు జెప్పుకుంట పోయి ఆమె కాడ ఆగిపోయిన. దశమా, ఏకాదశా? యాదికి రాలే. దవాఖాన చీటి మీద ఇంగ్లీషు తారీఖు ఉన్నది. పంతులు కాడికి పోతె పాత పంచాంగం తీసి అర గడియల జెప్తడు. కని పంతులునడిగితె ఊరంత ఎరుకైతది గద, అనంతమ్మకు యాది తప్పిందని.

బీదర్ల మా చెల్లె ఇంటికి పోయిన. వాళ్ళ అల్లుని కాడ పంచాంగం ఫ్లాపీ ఉన్నది. తారీఖు కొడితె తిథి జెప్తది. కొంగుల కట్టుకోని తెచ్చిన. పగటిపూట మీ దోస్తు పండుకున్నప్పుడు, తార జేస్తుంటె జూసినట్టే జేసి నా చేతులతోని మిషనుల పెట్టిన. వైశాఖంల. ఏకాదశి అని వచ్చింది. తెరకు మొక్కిన గూడ.

ఆ పిల్లను ఎల్లగొట్టిననాడు నాకు అనుమానం. మర్నాడు చెల్లె ఉత్తరం వచ్చింది. అక్కా, ఆ ఫ్లాపీ పెట్టకు, దాంట్ల రోగం ఉన్నదంట, మా మిషను గూడ పోయింది, అని. ఆ ఉత్తరం చదివినంకనే ఎంకయ్య వచ్చిండు. అంటె పొయ్యి కాడ నిలవడ్డప్పుడు నాకు అనుమానం లేదు. అంత ఎరుకే.

ఇంతసేపు ఆ మొగోళ్ళను ఎంత హీనంగ మాట్లాడిన. వాళ్ళు తెల్వక జేసిన్రు.

తారను పెట్టుకోన్రి అన్నా. ఆమె జెప్పినట్టు ఇంటె ఎర్రదైనా నీలందైనా మీకు ఒకటే. రేపే మనిషిని పంపున్రి.

లేస్తున్నరా? అవును, బస్సు యాళ్ళైంది. మీ దోస్తు వచ్చినంక ఈ ముచ్చట ఆయన ముంగట మాత్రం నన్ను అడుగకున్రి. ఆయనకు నిజం జెప్తననే అనుకుంటున్న. జ్యేష్ఠం సంది దినాం దీపం పెట్టేటప్పుడు అట్లనే అనుకుంటున్న. ఆయన ఉన్నప్పుడు మీరడిగితె, ఆ పిల్ల మంచిది కాదనే అంట కావచ్చు.