మక్బూల్ లాడ్జిలో నాలుగో నెంబరు

ఏమే యశస్వినీ, ఆ కొత్త హోటల్లో ఏం చూశావో చెప్పు ముందు. కాళ్ళు తర్వాత కడుక్కోవచ్చు, కూర్చో. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంటదని నాకు తెలుసు, కూరగాయలకి పోయేటప్పుడు రోజూ రోడ్డు మీద నుంచి చూస్తన్నా. నేనడిగేది లోపల. గుమ్మం దాటంగానే నీ ఎడమ చేతివైపు ఏముంది? సోఫాలు కాదే, సోఫాలకి ముందు. నల్లరాతి గోడా? దాని మీద నుంచి నీళ్ళు కారతన్నాయా? ఊరకనే? తాగటానికి కాదు, కడుక్కోటానికి కాదు, చూట్టానికి. సరే. బాగుంది. చానా బాగుంది. నీళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయన్నమాట.

ఎందుకడిగానంటే, ఆ రాతిగోడ ఉన్నచోటే నాలుగో నెంబరు గది ఉండేది. మక్బూల్ సాయిబు లాడ్జిలో. నీకు గుర్తుండదులే. స్కూలు బ్యాగేసుకొని ఆ ఆస్పత్రుల బజార్నే పోయేదానివి గానీ, లాడ్జి వైపు తల తిప్పితే మీ అమ్మ నెత్తిన ఒకటిచ్చేది. లాడ్జి అంటే చెడ్డమాట మీ నాన్న వైపు ఇళ్ళల్లో. నేను ముప్పై ఏళ్ళు అక్కడే నేల తుడిచా, దుప్పట్లు ఉతికా. నాకేమీ కాలేదు. పద్నాలుగు గదులు, పైన పది, కింద నాలుగు. ఊళ్ళ నుంచి ఆస్పత్రికొచ్చే జనమే అంతా. బొల్లాపల్లి, మాచవరం, దుర్గి, ఇంకా అవతల నుంచి. మంచం మీద రోగి ఆస్పత్రిలో ఉంటే, వాళ్ళ వెంట వచ్చిన నలుగురూ మా దగ్గర ఉండేవాళ్ళు. వరండాలో కిరసనాయిలు పొయ్యి వెలిగించుకొని అన్నం వండుకుంటే సాయిబు ఏమనేవాడు కాదు. రెండో బకెట్టు నీళ్ళు పట్టుకుంటే మాత్రం లాడ్జి ఎగిరిపోయేట్టు అరిచేవాడు. "కృష్ణా నది మీ నాన్న తవ్వించాడా?" అని. సబ్బుబిళ్ళని దారంతో నాలుగు ముక్కలు కోసి ఇచ్చేవాడు నాకు. పిసినారే. నేను లేదనను. చచ్చిపోయాడని దేవుణ్ణి చెయ్యను.

గుమ్మం దగ్గర ఇనప స్టూలు వేసుక్కూర్చునేవాడు. ఎవరొచ్చినా పేరు అడగడు, ఊరు అడగడు. "ఎవరికి బాగాలేదు?" అదే మొదటి మాట. ఆ మాట అన్నాకనే మనిషి వంక చూసేవాడు. ఆ ఒక్కమాటకి ఏడ్చినోళ్ళని ఎంతమందిని చూశానే నేను. పొద్దుట్నుంచీ ఆస్పత్రిలో ఎవరూ అడగని మాట అది. అక్కడ కాగితాలు అడిగేవాళ్ళు, కార్డు అడిగేవాళ్ళు, ఇంకోటి అడిగేవాళ్ళు. ఈయన మాత్రం ఎవరికి బాగాలేదు అని.

ఇంక నాలుగో నెంబరు. దాన్లో మంచం ఉండేది కాదు. నాపరాళ్ళ నేల, ఒక మూలకి వాలు, వాలు చివర తూము, గోడ పక్కన సిమెంటు తొట్టి. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి, అది నా పని. ఎందుకో తెలుసా? మా వైపు ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని ఇంట్లోకి రానివ్వరు. ఇంట్లోకే కాదు, కొన్ని ఊళ్ళల్లో పొలిమేర కూడా దాటనియ్యరు, అట్నుంచి అటే వల్లకాడు. మరి ఆస్పత్రోళ్ళేమో మంచం ఖాళీ చెయ్యమంటారు. ఇంకే లాడ్జిలోకీ శవాన్ని రానియ్యరు. మరి ఆ పెళ్ళాం ఎక్కడ కూర్చొని ఏడవాలే? ఆ ముఖం ఎక్కడ కడగాలి? ఆ గదిలో. బండి వచ్చిందాకా తలుపేసుకొని శవానికి స్నానం చేయించి, బట్ట మార్చి, బొట్టు పెట్టి, ఏడ్చుకొని పోయేవాళ్ళు. కులం అడగడు, మతం అడగడు, ఒక్కటే అడిగేవాడు, "తల ఏ దిక్కుకి పెట్టుకుంటారమ్మా?" అని. అద్దె లేదు దానికి. ఎందుకు సాయిబూ ఇదంతా అంటే, "కిటికీ లేదు, గాలి రాదు, ఎవడు తీసుకుంటాడే దాన్ని?" అని కసిరేవాడు. మంచిమాట చెప్తే ఎక్కడ నోరు అరిగిపోద్దోనని.

నేనెట్టా చేరాననుకున్నావు అక్కడ? మీ తాతయ్య, అంటే నా మొగుడు, నువ్వు చూడలేదులే, మిరపచేలో నీళ్ళు కడతా ఉంటే పాము కరిచింది. ఈ పేట ఆస్పత్రికి తెచ్చేసరికే ఆలస్యం, ప్రాణం నిలవలేదు. చంకలో రెండేళ్ళ పిల్ల, మీ అమ్మ. మా బావ జీపు మాట్లాడటానికి పోయాడు, పోయినోడు సాయంత్రందాకా రాలేదు. మూడు లాడ్జీలకి పోయా. మూడో ఆయనైతే గుమ్మంలో నీళ్ళు చల్లించాడు నేనటు తిరగ్గానే. మక్బూల్ సాయిబు స్టూలు మీద నుంచి లేచి నా ముందు నడిచాడు. నాలుగో నెంబరు తలుపు తీశాడు. కుల్సుం అమ్మ, ఆయన భార్య, నా పిల్లకి పాలు పట్టింది. ఆ తొట్టి నీళ్ళతోనే మా ఆయన ముఖం కడిగా నేను. కాళ్ళకి చేలో మట్టి ఇంకా అట్టానే ఉంది. అదే ఆఖరు ఇల్లు మాకు. మా ఇంట్లోకి రానియ్యలేదు మరి, మా అత్త గుమ్మానికడ్డంగా నిలబడింది. పెద్దకర్మ అయిన మూడోరోజు పిల్లని తీసుకొని మళ్ళీ లాడ్జికొచ్చా. "పని కావాలి సాయిబూ" అన్నా. "రెండో బకెట్టు వాడితే తరిమేస్తా" అన్నాడు.

ఆ... ఎక్కడున్నా? పోటీలు. ముందు పోటీ అంటే ఎదురు లాడ్జితోనే. వాడు రంగేస్తే ఈయన సున్నం కొట్టించేవాడు. వాడు టీవీ పెడితే ఈయన ఒక వారం తిట్టుకొని ఆనక పెట్టేవాడు. అదొక సరదా. ఆ తర్వాత ఫోన్లొచ్చినాయి. లాడ్జీలకి రంగురంగుల బోర్డులు మొలిచినాయి, ఒకడు పచ్చది, ఒకడు నీలంది. పాతపేర్లన్నీ పోయినాయి. సాయిబు కొడుకు రియాజ్ చదువుకున్నోడు, చెడ్డోడు కాదు, లాడ్జి మూతపడిపోద్దని వాడి భయం. వాడే తీసుకొచ్చాడు కంపెనీ మనిషిని. సుధీర్ బాబు అని, మన పక్కనున్న చిలకలూరిపేట పిల్లోడే. టై కట్టాడు. ఊరు చిలకలూరిపేట, మాటలు మాత్రం సింగపూరు. "అంకుల్, మీరు పోటీ పడేది ఎదురు లాడ్జితో కాదు. ప్రపంచం మొత్తంతో. బ్యాంకాక్‌లో రూమ్ ఎట్టా ఉంటదో ఇక్కడా అట్టానే ఉండాలి" అన్నాడు. సాయిబు వాడి వంక కిందనుంచి పైదాకా చూసి, "బ్యాంకాక్ నుంచి ఎవడొస్తాడయ్యా పేటకి, మూలశంక ఆపరేషనుకి?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక చీపురు కింద పడేశా. రియాజ్ నవ్వలేదు. వాడు సంతకం పెట్టించాడు.

ఊదారంగు బోర్డెక్కింది. ఆఫీసు ఢిల్లీలోనంట, డబ్బేమో ఏడు దేశాలోళ్ళదంట. రేటు మనం చెప్పకూడదు, ఫోనే చెప్తది. పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, మిరపకాయల యార్డు లాగా. పక్క బోర్డోడు యాభై తగ్గిస్తే మనది వంద తగ్గేది. వాళ్ళిద్దరూ ఎక్కడో కూర్చొని కొట్టుకుంటా ఉంటే ఇక్కడ మా గోడలు అదిరేవి. వరండాలో పొయ్యి తీసెయ్యమన్నారు. తీసేశాం. "ఎవరికి బాగాలేదు" అని అడక్కూడదన్నారు. గెస్టుని సొంత విషయాలు అడగటం తప్పంట. వెల్‌కమ్ అని, బుకింగ్ ఐడీ ప్లీజ్ అని చెప్పాలంట. సాయిబు చేత పదిసార్లు చెప్పించాడు సుధీర్ బాబు. డెబ్భై ఏళ్ళ మనిషి, పలకా బలపం పట్టిన పిల్లోడి మాదిరి వెల్‌కమ్, వెల్‌కమ్ అంటా... ఆఖరికి నోరు మూసుకొని స్టూలు మీద కూర్చోటం మొదలుపెట్టాడు. వచ్చినోళ్ళని చూసి తల ఊపేవాడు, అంతే.

ఇప్పుడు నాలుగో నెంబరు. సుధీర్ బాబు గదులన్నీ లెక్కేసుకుంటా వచ్చి దాన్ని చూశాడు. "ఇదేంది, స్టోర్ రూమా?" అన్నాడు. రియాజ్ విషయం చెప్పాడు. వాడు ముక్కు మూసుకున్నాడు. వాసనేమీ లేదే, నేను ఫినాయిల్‌తో కడిగేదాన్ని. ఆ వారంలోనే తొట్టి పగలగొట్టించారు. తూము పూడ్చారు. నాపరాళ్ళ మీద తెల్లటి టైల్సేశారు. మంచం, ఏసీ, గోడకి పడవ బొమ్మ. సాయిబు ఆ పని జరిగిన మూడు రోజులూ లాడ్జికి రాలేదు. నేనేం చేశానో చెప్పమంటావా? సుధీర్ బాబు నాకు తువ్వాలుని హంస లాగా మడవటం నేర్పాడు. రెండు మడతలు, ఒక మెలిక, మెడ పైకి లేస్తది. నాకు మొదటిసారే వచ్చేసింది. నాలుగో నెంబరు మంచం మీద తెల్లదుప్పటి పరిచి, దాని మీద నా చేతుల్తో రెండు హంసలు పెట్టా. వాడు ఫోటో తీసి ఫోన్లో ఎక్కించాడు. నేను ఇంటికొచ్చి మీ అమ్మకి చూపించుకున్నా కూడా, నా హంసలే అవి అని. గర్వం. నా మొగుడి ముఖం కడిగిన చోట మంచమేసి హంసలు పెట్టి, గర్వం.

రెండు నెలలు కూడా కాలేదు. ఎండాకాలం, పన్నెండు గంటలు. మాచవరం వైపు ఆడమనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో, ఆటోలో మొగుణ్ణి పడుకోబెట్టుకొని వచ్చింది. ఎవరో చెప్పారంట ఇట్టా ఒక లాడ్జి ఉందని. ఊళ్ళల్లో ఆ మాట అట్టా పాకి ఉంది మరి, ఫోన్లో లేకపోయినా. ఆటో దిగి సాయిబుతో అన్నదొకటే. "మంచం వద్దయ్యా, నలుగురూ చూడకుండా ముఖం కడుక్కుంటా. చెంబెడు నీళ్ళు ఇప్పించు." సాయిబు స్టూలు మీద నుంచి లేచాడు. ఎప్పట్లాగే. ఆమె ముందు నడిచి నాలుగో నెంబరు తలుపు తోశాడు. గడియేసి ఉంది. అది ఆయన బుర్రకెక్కలేదే. ముప్పై ఏళ్ళలో ఆ తలుపు ఎప్పుడు తోసినా తెరుచుకుంది. మళ్ళీ తోశాడు. దబదబా బాదాడు. ఒక కుర్రోడు నడుముకి తువ్వాలు చుట్టుకొని తలుపు తీశాడు, "ఏంది ముసలాయనా, డబ్బు కట్టి పడుకున్నా, రివ్యూ పెట్టమంటావా?" అని. రియాజ్ పరిగెత్తుకుంటా వచ్చి తండ్రిని రెక్క పట్టుకొని లాగాడు. "అబ్బాజాన్, బుకింగ్ ఉంది, అబ్బాజాన్." సాయిబు ఆమె దగ్గరకొచ్చాడు. "ఖాళీ లేదమ్మా" అన్నాడు. నేను విన్నానే ఆ మాట. ఆయన గొంతులో ఆ మాట అంతకుముందు ఎప్పుడూ విన్లేదు.

ఆటోవాడికి తొందర. కాంపౌండు గోడ పక్కన, రోడ్డు మీదే దించేసి పోయాడు. ఎండ. జనం ఫోన్లెత్తుకొని నిలబడ్డారు. నేను పైకి పోయి ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి, మొగుణ్ణీ ఆమెనీ కలిపి కప్పా. ఆ దుప్పటి కిందే, చీకట్లో, ఆమె ఆయన ముఖం తుడుచుకుంది, నేను బకెట్టు పట్టుకొని నిలబడ్డా. దుప్పటి మూలన కంపెనీ ముద్ర, ఊదారంగుది. ఆ ముద్ర నాకు కనపడలేదు. ఫోన్లకి కనపడింది. ఈ లాడ్జిలో శవాలకి కప్పినవే మనకేస్తారు అని ఎవరో రాసి ఫోటో పెట్టారు. రెండోరోజుకి సుధీర్ బాబు దిగాడు. వరండాలో అందర్నీ నిలబెట్టి, "కంపెనీ లినెన్ ఎవరు బయటికిచ్చారు?" అన్నాడు, ఆ దుప్పటిని. నేను చీపురు పట్టుకొని వెనకాలే ఉన్నా. నోట్లోదాకా వచ్చింది మాట. "నేనిచ్చా" అన్నాడు సాయిబు. నా వంక చూడకుండానే. రియాజ్ అందరి ముందూ అరిచాడు తండ్రి మీద, "నీ వల్ల మునిగాం, ఇంట్లో కూర్చో" అని. నేను చెప్పలేదే. పని పోతదని. ఆ తర్వాతన్నా చెప్పొచ్చు గదా, చెప్పలేదు. ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు. ఐదో నెలలో పోయాడు. జనాజా లేచినప్పుడు ఆ పాడె వెనకాల లాడ్జి దాకా నడిచి, నేను అక్కడే ఆగిపోయా.

ఏ పని కోసం ఆ నిజం దాచానో ఆ పనీ ఉండలేదు. బోర్డు పీక్కుపోయారు. ఏడాదికి లాడ్జి అమ్మేశారు. రియాజ్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవరి హోటల్లోనో వెల్‌కమ్ చెప్తన్నాడంట. ఇక్కడేమో ఆరంతస్తులు లేచింది, నోరు తిరగని పేరు. లండన్‌లో ఎట్టా ఉంటదో పేటలోనూ అట్టానే ఉంటదని నువ్వే చెప్తివి మొన్న, అదే దిండు, అదే వాసన అని. ఉండనీ. ఆస్పత్రులు మాత్రం అక్కడే ఉన్నాయి గదే. జనం చావటం మానలేదు గదా.

నీకు ఉద్యోగం వద్దని నేననను. కోర్సు చదివావు, మీ అమ్మ కష్టపడింది, కోటు బాగుంది నీకు. సోమవారం నుంచి ఆ కౌంటరులో నిలబడేది నువ్వే. పన్నెండు గంటలప్పుడు ఆ అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంటది, దానికేం తెలుసు, ఎవరొచ్చినా తెరుచుకుంటది. ఒక ఆడమనిషి వచ్చి, ఆ రాతిగోడ మీద కారే నీళ్ళ వంక చూసి, బయట ఆటోలో మా ఆయన ఉన్నాడమ్మా, నలుగురూ చూడకుండా ముఖం కడుక్కుంటా అంటది. వాళ్ళు నేర్పిన మాట కాదు, నాకు చెప్పు. నువ్వేమంటావే?