మొదటి పార

గండికోట. పెన్నా నది కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ అంచున, ఎర్రటి బండ మీద వెంకటనరసమ్మ చతికిలబడింది. కూతురు సుమన ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడింది.

“ఇంకాస్త వెనక్కి జరుగమ్మా. నది పడట్లేదు.”

“వెనక్కి జరిగితే నేనే నదిలో పడతాను. ఇలాగే తియ్యి.”

“కాస్త నవ్వు. పెదపాడు నుంచి ఇంత దూరం వచ్చింది మొహం ముడుచుకు కూర్చోడానికా?”

“బాగుందే, నిజంగానే బాగుంది. మన వైపు ఎటు చూసినా బల్లపరుపే కదా, ఈ లోతు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. టైమెంతైంది?”

“టైముతో నీకేం పని? పదీ పది.”

“పొద్దుట్నించీ ఆ ఫోన్ తెగ చూస్తున్నావు.”

“ఫోటోలు చూసుకుంటున్నా.”

“తియ్యకముందే?”

“అబ్బా, అమ్మా! రేపు బెలుం గుహలు కూడా చూసేసి ఎల్లుండి బయల్దేరదాం.”

“ఎల్లుండా? చేలో చెరువు తవ్వించాలి కదే. ముహూర్తం ఎప్పుడన్నావు?”

“గురువారం అని చెప్పాను కదా.”

“ఇవాళా గురువారమే.”

“వచ్చే గురువారం అమ్మా. వచ్చేది.”

“ఆ ఎకరన్నరలో మీ నాన్నా నేనూ ముప్ఫయ్యేళ్ళు వరి ఊడ్చాం. చేపల చెరువంటే నాకు మనసొప్పలేదు. అల్లుడుగారు కైకలూరులో చేపల మేత కొట్టు పెట్టారు, సొంత చెరువు లేకపోతే నిలదొక్కుకోలేరని నువ్వేడిస్తే సరేనన్నాను. ఒక్కటే అడిగాను.”

“మొదటి పార నీ చేత్తో వెయ్యాలని. గుర్తుందమ్మా. ఎన్నిసార్లు చెప్తావు?”

“మీ నాన్న పారతోనే వేస్తాను. దానికి కొత్త కర్ర కామ కూడా వేయించాను.”

“మంచినీళ్ళు తాగుతావా?”

“వద్దు. ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు. ముహూర్తం ఎప్పుడు?”

“చెప్పాను కదా, వచ్చే...”

“సుమనా.”

“...ఇవాళే. పదింటికి.”

“ఓహో.”

“కోప్పడకమ్మా. నాదేం లేదు. మా అత్తగారే... పెద్దావిడ, పట్టింపులెక్కువ. పసుపూ కుంకుమా లేని చెయ్యి ముందు పడకూడదన్నారు. నేను అలా కాదనే అన్నాను. వినలేదు.”

“సుబ్బలక్ష్మిగారు అన్నారా ఆ మాట?”

“అన్నారమ్మా. పోయినేడు కౌలు చెరువులో మొదటి చేపపిల్లలు నీ చేత్తోనే వదిలించాం కదా. నెల తిరక్కుండా చేపంతా చచ్చి తేలిపోయింది కదా. అది కూడా ఎత్తారు.”

“కరెంటు పోయి, నీళ్ళు చిలికే మిషన్లు ఆగి, చేపలకి గాలందలేదు. దానికి నా చెయ్యేం చేసింది?”

“నాకు తెలుసమ్మా! వాళ్ళకి చెప్తే వింటారా? ఈసారి కూడా పోతే మేం లేవలేం. నువ్వక్కడుండి బాధపడ్డం ఎందుకని...”

“గండికోట చూపించావు.”

“చూడాలన్నావు కదా. టీవీలో వచ్చినప్పుడల్లా అనేదానివి.”

“ఔను. అనేదాన్ని.”

“మా అత్తగారి మీద ఏం పెట్టుకోకమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఆవిణ్ణి ఏమీ అడక్కు. ఫోన్ కూడా చెయ్యకు.”

“నేను చెయ్యలేదమ్మా. పొద్దున్న నువ్వు స్నానానికెళ్ళినప్పుడు ఆవిడే చేసింది. నువ్వు చెప్తావేమోనని ఇందాకట్నించీ చూస్తున్నాను. ‘వదినగారూ, చేలో మీకోసం పీట వేయించాను. మీరే రానన్నారని సుమన చెప్పింది, నిజమేనా? మీ చెయ్యి పడకుండా ఆ మట్టి మేమెలా ముట్టుకుంటాం’ అని అడిగింది.”