ఉంది, లేదు, తెలియదు

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఇన్నేళ్లూ నాతో ఆ ఎక్స్‌రే గదిలో కళ్లు పొడుచుకున్న మిత్రులకు, రెండో వరుసలో అప్పుడే టీ కప్పు ఖాళీ చేసేసిన మా అక్కయ్యకు నమస్కారం. (నవ్వులు) మీరు నవ్వితే ఇంటికెళ్లాక నాకుంటుంది.

రిటైరవుతున్నాను కదా అని ఇందాక మాట్లాడినవాళ్లంతా నన్ను ఆకాశానికెత్తేశారు. ఎక్స్‌రే ఇలా చూడగానే ఈవిడకు లోపలున్నదంతా తెలిసిపోతుందన్నారు. వినడానికి బాగానే ఉంది గానీ, అది నిజం కాదు. ఎక్స్‌రేలో కనిపించేది నీడ. ఆ నీడను బట్టి లోపల ఏముందో చెప్పడం మా ఉద్యోగం. చాలాసార్లు చెప్పగలం, కొన్నిసార్లు ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా చెప్పలేం. ఆ కొన్నిసార్ల గురించే రెండు ముక్కలు చెప్పి దిగిపోతాను.

మా గదిలో ఒక పద్ధతుంది, నాకు పని నేర్పిన పెద్ద డాక్టరు గారు పెట్టింది. ప్రతి ఎక్స్‌రేనూ ఇద్దరం విడివిడిగా చూస్తాం. మొదట చూసినవాళ్లు జబ్బు ‘ఉంది’ అనో ‘లేదు’ అనో చీటీ మీద రాసి బోర్లా పెట్టాలి, రెండోవాళ్లు రాసేదాకా నోరు మెదపకూడదు. రెండు చీటీలూ కలవకపోతే ఇంకోసారి చూస్తాం. అప్పటికీ కలవకపోతే సీనియర్ మాటే నెగ్గాలని లేదు, ‘తెలియదు, మళ్లీ చూడాలి’ అని రాసి ఇద్దరం సంతకం పెడతాం.

రేపటినుంచి నా కుర్చీలో కూర్చోబోయే మా జూనియర్ డాక్టరు వచ్చిన కొత్తలో ఏం చేశాడో తెలుసా? తల వంచుకోకు నాయనా, చెప్పేస్తున్నాను. చీటీ బోర్లా ఉంటేనేం, ఈవిడ మొహం బోర్లా లేదుగా అని, నన్ను చూసి రాసేవాడు! (నవ్వులు) నేను ప్రశాంతంగా ఉంటే ‘లేదు’, మొహం చిట్లిస్తే ‘ఉంది’. ఒకరోజు నాకు పన్నునొప్పి. నిక్షేపంగా ఉన్న బస్సు డ్రైవరుకు పాపం ఊపిరితిత్తుల జబ్బు అంటగట్టేశాడు. నా చీటీ తిప్పితే ‘లేదు’ అనుంది. “మరి మీరలా మొహం పెట్టారేంటి మేడమ్?” అని నన్నే నిలదీశాడు.

సరే, ఇప్పుడు అక్కయ్య సంగతి. ఆవిడే చెప్పమంది. నిరుడు దగ్గు తగ్గకపోతే లాక్కొచ్చి ఎక్స్‌రే తీయించాను. కుడివైపు చిన్న మచ్చ. సొంత మనిషిది నేను చూడకూడదు కదా, మా ఈ జూనియర్‌కీ పక్కగది డాక్టరమ్మకీ ఇచ్చాను. ఒక చీటీ ‘ఉంది’ అంది, ఒకటి ‘లేదు’ అంది, ఎవరిదేదో చెప్పను. స్కాన్ తీశారు, సూదితో ముక్క తీసి చూశారు, ఏమీ తేలలేదు. సర్జన్ గారు కోసి చూద్దామన్నారు గానీ, అక్కయ్య గుండె అంత తట్టుకునేది కాదు. “ఇంతింత చదువులు చదివి ఉందో లేదో చెప్పలేరటే?” అని ఆవిడ అందరిమీదా అగ్గిమీద గుగ్గిలమైంది. చివరికి ‘తెలియదు, మళ్లీ చూడాలి’ అన్న మాటతోనే ఇంటికి తీసుకెళ్లాను. మచ్చ పెరగలేదు, పోనూ లేదు. అదేంటో ఈరోజుకీ మాకు తెలియదు. నాకు భయంగానే ఉంది. ఆవిడ దగ్గితే చాలు, చేతిలో పని ఆగిపోతుంది.

సూపరింటెండెంటు గారూ, మీరు తెప్పించిన కొత్త కంప్యూటరులో రిపోర్టుకు రెండే మీటలున్నాయి, ‘ఉంది’, ‘లేదు’. మీ ఇబ్బంది నాకు తెలుసు. తెలియదంటే రోగులు గొడవపడతారు, పైవాళ్లు ఊరుకోరు. కానీ ఉందని నొక్కితే అక్కయ్యను కోస్తారు, లేదని నొక్కితే మళ్లీ పరీక్షకు పిలవరు. నిజం ఎక్కడికీ పోలేదండీ, ఆవిడ పక్కటెముకల వెనకాలే ఉంది. మనకు అందలేదు, అంతే. అందనిదాన్ని అందినట్టు రాస్తే అది అబద్ధమవుతుంది. దయచేసి మూడో మీట పెట్టించండి. తల ఊపారు, సంతోషం. అది అవునో కాదో మాత్రం నాకు తెలియదు. (నవ్వులు, చప్పట్లు)

నన్ను ఇన్నాళ్లు భరించినందుకు, ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. రేపు పొద్దున అక్కయ్యకు మళ్లీ ఎక్స్‌రే ఉంది. నాయనా, చూడాల్సింది నువ్వే. గదిలో నా మొహం ఉండదు. అందరి చుట్టాల్లాగే నేనూ బయట బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు తలుపు తీసుకుని వచ్చినప్పుడు నన్ను చూసి మాట మార్చకు. తెలిస్తే తెలిసింది చెప్పు. తెలియకపోతే తెలియదనే చెప్పు, ఆవిణ్ని ఇంటికి తీసుకెళ్తాను. ఉంటాను మరి, సెలవు.