మత్తయ్య పక్కన జాగ

శంషాబాద్ దగ్గరి సమాధుల తోట. భర్త మత్తయ్య సమాధి పక్కన, సగం తవ్విన గుంత అంచున మొండిగా కూర్చుంది లీలమ్మ. ఎదురుగా పార పట్టుకుని సంఘ పెద్ద ఆశేర్.

“లెవ్వ. జాగ కబ్జా చేసుకుంట నన్ను లెవ్వుమంటవేంది?”

“కబ్జా అనకు పెద్దమ్మా. అది పెద్ద మాట.”

“మరేమనాలె? మా మడి హద్దు కడీలు పీకి ప్లాట్లు గొట్టినోన్ని ఏమన్నవ్ నువ్వు? కబ్జాకోరు అనలే? నా జాగ హద్దు రాళ్లు పీకినోన్ని గూడ గదే అంట.”

“గది వేరు, గిది వేరు. పీకలే, జర పక్కకు జరిపిన.”

“గాడు గూడ జరిపిన అనే అన్నడు!”

“ఫోనేడ వెట్టినవ్ పెద్దమ్మా? అల్లుడు పొద్దటిసంది చేస్తుండట.”

“ఇంట్ల ఛార్జింగ్ వెట్టిన. మాట మార్చకు. బస్సుల సీటు మీద రుమాలేస్తెనే ఎవ్వలు గూసోరు. మీ పెద్దబాపును గీడ పండవెట్టిననాడు నాలుగు రాళ్లు వెట్టిన. పదకొండేండ్లు ఏటేటా సున్నమేసిన. మొగని పక్క జాగ పెండ్లాందే అని సంఘం అన్నదా, లేదా?”

“అన్నది.”

“మరి? ఏ పెద్దోళ్ల పీనుగ కోసం నన్ను గెంటుతున్నవ్?”

“అయ్యో, గట్లనకు! నువ్వు ముందుగాల ఇంటికి పో. జర నీళ్లు తాగు. మా ఇంటామె నిర్మల తోడొస్తది.”

“తోడెందుకు? గీ గోడవతలనే ఇల్లు. నాకేమైందని తోడు?”

“ఏం గాలే... ఎండ గద.”

“గా మూలకు తవ్వుకోండ్రి. మస్తు జాగుంది.”

“ఆడ బండ తగిలింది. అయినా... గీడనే తవ్వుమన్నరు.”

“ఎవ్వలు?”

“ఏందీ? మీదికెల్లి పోయే ఇమానం మోతకు ఇనవడ్తలే.”

“ఇమానం వోయింది. ఇగ చెప్పు. ఎవ్వలు?”

“...మీ అల్లుడు.”

“మా అల్లుడా? గాయనకేం పని గీడ? నా బిడ్డ క్యాథరిన్‌తోని దవాఖానల ఉండె గద. జ్వరం తగ్గింది, తీస్కొస్త అన్నడు నిన్న.”

“తీస్కొస్తుండు.”

“తీస్కొస్తుండు అనుకుంట నేల జూస్తవేంది? ఆశేర్. నా మొఖం జూడు.”

“ఇయ్యాల తెల్లారి అయిదింటికి, పెద్దమ్మా. నువ్వు ఫోనెత్తకపోతివి; ఇగ నలుగురున్నప్పుడు చెప్తం, అప్పటిదాంక నోరిప్పకు అన్నరు.”

“అబద్ధం.”

“మా బాపు పక్కన పెట్టుండ్రి అన్నదట, ఆఖరికి.”

“అబద్ధం. జ్వరమే గద... జ్వరమే గద కొడకా అది! నేనుండంగ నా బిడ్డ... నా కడుపు కాలిపాయె, ఆశేర్!”

“లెవ్వు పెద్దమ్మా. చెయ్యియ్యి. బండి కొత్తూరు దాటిందట.”

“ఉండు, లేస్తున్న. గింత సాలదు, ఇంకా తవ్వు. నా బిడ్డ నాకన్న జానెడు పొడుగు.”