రైలుగేటు దగ్గర అలిగిన కారు

వీరభద్రం ఉన్నాడు చూడండి, కడియం దగ్గర మొక్కల నర్సరీ ఆయన, ఆయన ఒక కారు కొన్నాడంట. అందరూ కొనే కారు కాదు. అందరి గుమ్మం ముందూ తెల్ల కారే, నా గుమ్మం ముందు కూడా అదేనా అని, విశాఖపట్నంలో ఎవరో ఆఫీసరు వాడి వదిలేసిన ఫ్రెంచి కారు తెచ్చుకున్నాడు. ఆఫీసరు ఎందుకు వదిలేసేడో అడగాలా వద్దా? అడగలేదంట. వంకాయ రంగు, మెత్తటి సీట్లు, చాలంతే. మగాళ్లు పెళ్లిచూపులకి వెళ్లినా ఇంతే కదా, రంగు చూసుకుని వచ్చేస్తారు. నవ్వకండి, కథ వినండి.

ఇంజను మాత్రం గుర్రం, దానికి వంక పెట్టక్కర్లేదు. ఎటొచ్చీ కరెంటు వ్యవహారమే దాని ఇష్టం. కుడివైపు లైటు వేస్తే ఎర్రటి ఎండలో వైపర్లు ఆడతాయి. వెనక్కి తీస్తే అద్దాలు దిగిపోతాయి. పంచాయతీ ఆఫీసు ముందు ఎవరూ ముట్టుకోకుండానే హారన్ కొట్టేసిందంట, ప్రెసిడెంటు తననే పిలుస్తున్నారనుకుని కండువా సర్దుకుంటా బయటికొచ్చేడు. పైగా అది మాట్లాడుద్ది. ఆడగొంతు, ఇంగ్లీషు. తలుపు వేసే ఉన్నా తీసి ఉందంటది. అందుకని ఊళ్లోవాళ్లు దానికి దొరసాని అని పేరు పెట్టేరు. "ఏం వీరభద్రం, దొరసాని లేచిందా, కాఫీ తాగిందా" అని అడిగేవాళ్లు పొద్దున్నే. దాని తాళం కూడా తాళంలా ఉండదండీ, అరచేతిలో పట్టేంత కార్డు. అది జేబులో పెట్టుకుని దగ్గరికెళ్తే చాలు, కారుకి తెలిసిపోయి చెవులు విప్పుద్ది, అంటే వెనక వచ్చే బళ్లు చూసుకునే ఆ పక్క అద్దాలు. కార్డు దూరంగా పోతే చెవులు ముడుచుకుని పడుకుంటది. ఆ కార్డు కడుపులో ఒక ఇనప తాళంచెవి దాచి ఉంటది, ఎందుకన్నా పనికొస్తదని. అలాంటి కార్డులు రెండు. ఈ మాట కొంగున ముడేసుకోండి, పనుంది.

వీరభద్రం పెళ్లాం మాణిక్యం. మాట తక్కువ, చూపు ఎక్కువ. కారు మొరాయించినప్పుడల్లా ఈయన దాని చుట్టూ తిరిగి, టపటపా తట్టి, నిమ్మకాయ తిప్పి, నా తల్లివి కదూ, నా బంగారానివి కదూ అంటాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసింది, చూసి ఏం కనిపెట్టిందంటే, ఈయన బతిమాలినంతసేపూ అది బెట్టు చేస్తది. విసుగొచ్చి, కార్డు తెచ్చి వంటింట్లో పడేసి, అన్నం తిని వెళ్లేడనుకో, ఏమీ ఎరగనట్టు లేస్తది. "దానికి నిద్ర చాలక ఆ తిక్కంతా. కార్డు దగ్గరుంటే దానికి నిద్ర పట్టదు. వదిలేసి రా" అనేది. "నాతో ఎప్పుడన్నా బంగారమన్నావా" అని మటుకు అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఇలా ఉండగా ఆయన మేనల్లుడు లోవరాజుకి పెళ్లి కుదిరింది. వీరభద్రం అక్క సూరీడమ్మ కొడుకు. మండపేట పిల్ల, పట్టపగలు ముహూర్తం. పెళ్లికొడుకు మేనమామ కారులోనే తరలివెళ్లాలని ఈయన. "ఒరే తమ్ముడూ, నువ్వు రా, మీ ఆవిణ్ణి తీసుకురా, ఆ దొరసాని వద్దురా" అని సూరీడమ్మ. ఈయన వింటాడా? మేనమామనై ఉండి అద్దె కారు ఎక్కించనా అని అలిగేడు. సరే అంది ఆవిడ, అనేసి, "ముహూర్తం తప్పిందా, ఇహ నీ గుమ్మం తొక్కను, నువ్వూ నా గుమ్మం తొక్కద్దు" అంది. ఆవిడ అన్నదంటే అన్నదే. తోడికోడలితో మాట మానేసి, ఆ తోడికోడలు పోయేదాకా పలకరించని మనిషి. వీరభద్రానికి ఉన్నది ఆ ఒక్క అక్క.

బయల్దేరేరు. ముందు కారు, వెనక చుట్టాల బస్సు, బస్సులో మేళం. కారులో ముందు మొగుడూ పెళ్లాం, వెనక బాసికం కట్టుకుని లోవరాజు ఒక్కడే. తల్లి మేళం పక్కన బస్సులో. బాగానే పోతన్నారు, ఏమైందంటే, రైలుగేటు పడింది. ఈయన కారు చెట్టునీడకి తీసి ఆపేడు. మాణిక్యం దిగింది, ఈయనా దిగి నడుం విరుచుకున్నాడు. రైలు వెళ్లింది, గేటు లేచింది, దొరసాని లేవలేదు. తలుపులు ఒక్కటీ రావు, కార్డులోని ఇనప తాళంచెవి పెట్టి తిప్పినా రావు. లోపల పెళ్లికొడుకు. వెనక అద్దాలు సగం దిగి అక్కడే బిగుసుకున్నాయి, అందులోంచి బాసికం తలకాయ ఒకటే బయటికి. తలుపు తీసి ఉంది, తలుపు తీసి ఉంది అని లోపల ఇంగ్లీషులో చెప్తానే ఉందంట అది. "మావయ్యా, తీసుంటే నేనెందుకు రాలేకపోతన్నాను" అన్నాడు లోవరాజు.

బస్సు మొత్తం దిగిపోయింది. ఒకాయన తొయ్యమంటాడు, ఒకాయన కొబ్బరికాయ కొట్టమంటాడు, మేళంవాళ్లు ఊరికే ఉండలేక ఒక కీర్తన ఎత్తుకున్నారు. పెళ్లికొడుకుని కిటికీలోంచి లాగుదామన్నాడు ఇంకొకాయన. హారతిచ్చి సాగనంపిన పిల్లాణ్ణి దొంగలా కిటికీలోంచి లాగుతారా అంది సూరీడమ్మ. పైగా ఆ సందులో పట్టేది తలకాయ మటుకే. అవతలినుంచి ఫోను, గౌరీపూజ అయిపోయింది ఎక్కడున్నారని. సూరీడమ్మ తమ్ముడికేసి చూసింది.

అప్పుడు మాణిక్యం అంది, "కార్డు నాకియ్యి. మేళం ఆపండి. అందరూ అటు చెరకురసం బండి దగ్గరికి నడవండి, ఎవరూ వెనక్కి చూడకండి. లోవా, నువ్వు కదలకు నాయనా." కార్డు తీసుకుని అందరికంటే దూరంగా పోయి నిలబడింది. వద్దన్నా అందరూ ఓరగా చూస్తన్నారు. కారు చెవులు ముడవదు. ఇంకా కాసేపు చూసేరు, ముడవదు. రసం తాగినవాళ్లు మూతులు కూడా తుడుచుకున్నారు. వీరభద్రం రోడ్డు పక్క కూలబడి, "అక్కా, నీ ఇష్టం, నరికెయ్యి" అన్నాడు. మాణిక్యం మటుకు ఆలోచించి సూరీడమ్మ దగ్గరికొచ్చి, "వదినా, రెండో కార్డు మా దేవుడి గూట్లో పెట్టేను, పొద్దున్న చూస్తే లేదు. నీకేమన్నా తెలుసా" అంది.

సూరీడమ్మ మొహం పక్కకి తిప్పింది. ఏం జరిగిందంటే, మనవాళ్లలో పెళ్లికొడుక్కి దిష్టి తగలకుండా నిమ్మకాయ గుచ్చిన చిన్న కత్తి ఇస్తాం కదా, బయల్దేరే హడావిడిలో ఆ కత్తి దొరకలేదంట. కారెక్కింది తమ్ముడింటి దగ్గరే, అక్కడి దేవుడి గూట్లో ఈ కార్డు కనపడింది, లోపల ఇనప ముక్క ఉందని తెలుసు. ఇనుం ఇనుమే, దేవుడి దగ్గరిది కూడా అని, నిమ్మకాయతో కలిపి పసుపు గుడ్డలో మూటగట్టి కొడుకు నడుముకి దోపేసింది. అంటే నిద్రపొమ్మని దూరంగా పోయి నిలబడ్డారు అందరూ, లేపేవాడేమో ఒళ్లోనే కూర్చున్నాడు.

"ఇప్పుడది తీస్తే పిల్లాడి దగ్గర ఇనుం ఉండదు, దారిలో దిష్టి తగిలితే ఎవరిది పూచీ" అంది సూరీడమ్మ, ఇంకా తగ్గకుండా. "వదినా, వాడు కూర్చున్నదే ఇనుంలో" అంది మాణిక్యం.

సూరీడమ్మే కొడుకుని మూట తియ్యమంది. మూట కిటికీలోంచి తీసుకుని మాణిక్యం మళ్లీ దూరంగా పోయింది. ఈసారి చెరకు బండి గంట కూడా మోగలేదంట. ఇంగ్లీషు ఆగింది. దీపాలు ఒక్కొక్కటే పోయేయి. ఆఖరికి టక్కుమని చెవులు రెండూ ముడిచింది దొరసాని. వీరభద్రం లేవబోతే పెళ్లాం కళ్లతోనే కూర్చోబెట్టింది. కాసేపు పడుకోనిచ్చి, ఒక్క కార్డు ఆయన చేతిలో పెట్టి, "వెళ్లు. బంగారం గింగారం అనకు" అంది. వెళ్లేడు, చెవులు విప్పింది, తలుపొచ్చింది, లేచింది. వైపర్లు ఆడించుకుంటా మండపేట చేరేరు. పంతులు గడియారం చూసుకుంటా గుమ్మంలోనే ఉన్నాడు, కానీ ముహూర్తం దాటలేదు. జీలకర్రా బెల్లం పెట్టించేక సూరీడమ్మ తమ్ముడి చేతిలో తాంబూలం పెట్టి, "రేపు మీ ఇంటికొస్తాన్రా, బస్సులో" అందంట.

అయిపోలేదు. మర్నాడు పొద్దున్న కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కేడు. బండి కావాలంటాడు, అది కాదు ఇంకోటంటాడు, మూతి బిగించుకున్నాడు. ఆడపెళ్లివాళ్లు చుట్టూ మూగి బతిమాలుతున్నారు. మాణిక్యం పెళ్లికూతురి తల్లిని పక్కకి పిలిచి, "ఫ్యాను ఆపేసి అందరూ టిఫినుకి రండి, వెనక్కి చూడద్దు" అంది. ఇడ్లీ అయిపోయి పెసరట్టు వడ్డించేసరికి లోవరాజు పంక్తి చివర కూర్చుని ఉన్నాడంట, అల్లం పచ్చడి ఏది అని అడుగుతా.

అదీ సంగతి. దొరసాని ఇంకా వాళ్లింట్లోనే ఉంది, కార్డులు రెండూ మాణిక్యం పోపులడబ్బాలో. నేను కూడా మా ఆయన మీద ఇదే పద్ధతి వాడి చూసేను. నిద్రపోతాడు, బాగానే పోతాడు. లేవడమే కష్టం.