మెడపట్టీ పలికిన రోజు

యూనివర్సిటీలో ప్రొఫెసర్ గది. నదిలో మిగిలిన ఆఖరి నీటికుక్కకు కట్టిన రేడియో మెడపట్టీ ఏడాదిగా పలకలేదు. ఈ ఉదయం పలికిందని ఆవిడ తన పాత శిష్యురాలికి ఫోన్ చేశారు.

"యాంటెన్నా కిటికీ వైపు తిప్పండి మేడమ్. నది అటే కదా."

"ముందు కూర్చో. ఆ కుర్చీలో కాగితాలు తీసెయ్. ఎవరూ రారుగా, వాటికిచ్చేశా."

"కూర్చోడానికి వచ్చానా? క్లాసు మధ్యలో వదిలేసి వచ్చా. ఇదిగో, వింటున్నారా? టిక్కు, టిక్కు. బతికే ఉంది మేడమ్. మన ముసల్ది బతికే ఉంది."

"టీ పెట్టనా?"

"ఇప్పుడు టీ ఏంటి మేడమ్?"

"బిస్కెట్లు కూడా ఉన్నాయి. నీకిష్టమని తెచ్చా."

"ముందు పడవతనికి ఫోన్ చెయ్యండి. చీకటి పడేలోపు... ఆగండి. ఇంత గట్టిగా వస్తోందేంటి?"

"రిసీవర్ మంచిది."

"ఎంత మంచిదైతే మాత్రం? నది ఎక్కడ, మనం ఎక్కడ. గోడ వైపు తిప్పినా అంతే, తలుపు వైపు తిప్పినా అంతే. రిసీవర్ కాస్త తగ్గిస్తా, అప్పుడు దిక్కు తెలుస్తుంది."

"ఎందుకులే. మీ బాబు నడుస్తున్నాడా?"

"పరిగెడుతున్నాడు మేడమ్. ఫొటో పంపాగా."

"పంపావు, పంపావు. ఫొటోలో కదలడుగా."

"మీ బల్ల నుంచి వస్తోంది."

"టీలో చక్కెర ఎంత వెయ్యను?"

"మేడమ్, సొరుగు తీస్తున్నా."

"వద్దు."

"తీశా. ఇది... ఇది దాని పట్టీయే. ఎక్కడ దొరికింది?"

"వంతెన కింద, రాళ్ల మధ్య. పక్కనే ఎముకలు."

"ఎప్పుడు?"

"పోయినేడు, వానలు వెలిశాక."

"ఇన్నాళ్లూ చెప్పలేదా? ఉండండి, మాగ్నెట్ ఊడిపోయిందేమో. అది అంటిస్తేనే పట్టీ నోరు మూస్తుందని మొదటి రోజే నేర్పారు. ఊడిపోతే మళ్లీ పలుకుతుంది, మీరేమో నదిలోంచి అనుకుని..."

"ఊడలేదు. అదిగో, బీరువాకి అంటించా."

"మీరే తీశారా?"

"పొద్దున."

"దారంతా సంతోషంతో ఏడ్చుకుంటూ వచ్చానండీ. నదిలో ఇక ఒక్కటి కూడా లేదు, అంతేగా? ఎందుకిలా చేశారు? పోయిందని ఒక్కమాట ఫోన్లో చెప్తే సరిపోయేదిగా."

"పోయిందంటే ఫోన్లోనే అయ్యో అని పెట్టేసేదానివి. బతికుందంటేనే వస్తావు."