టిక్కు తీసిన చోట

“నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఈ టీ కొట్టుకి ఎదురుగా ఉన్న రీసెర్చి సెంటర్లో నేను లేకపోతే ఒక్క కంప్యూటరూ కళ్లు తెరవదు. పేరుకు రిపేర్లవాణ్ణి. నిన్న టీ అక్కకి చెప్పాను, ఇవాళ మీరూ వినండి. మొన్న మౌసు పని చేయట్లేదని అక్కడి సైంటిస్టు మేడమ్ పిలిచారు. వెళ్తే, తెర మీద చిక్కుపడ్డ రిబ్బన్లా ఏదో తిరుగుతోంది. మన ఒంట్లో ఉండే ప్రొటీనట. కంటికి ఆనని దాన్ని ఇంత చేసి, అన్నివైపులా తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ అది. మౌసు బాగుచేసి, కదులుతోందో లేదోనని ఒకసారి తిప్పి చూశాను.”

“అంతేనా?” అన్నాడు ప్లంబర్ బావ.

“అంతే అయితే నీకెందుకు చెప్తాను? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యలో ఇంత ఖాళీ! టీ అక్క కూతురికి ఫిట్స్ వస్తాయే, దానికి సంబంధించిన ప్రొటీనే అది. పెద్ద చదువులవాళ్లు పదేళ్లు చూసినా ఆ ఖాళీ కనబడలేదు.”

“వాళ్లకి కళ్లు లేవా?” అన్నాడు టైలర్.

“ఉన్నాయి, చూపు లేదు! మేడమ్ నోరు వెళ్లబెట్టారు. నేను ఊరుకుంటానా, ఇటు నాలుగు అణువులు, అటు రెండు లాగి, ఆ ఖాళీకి సరిపోయే కొత్త మందు అక్కడికక్కడే చేసేశాను. అతుక్కుందయ్యా, ఠక్కుమని చప్పుడు మూడో అంతస్తులో వినబడింది! బోనులో ఎలుకలు లేచి నిలబడి నాకు దండం పెట్టాయి!”

“రెండు చేతులతోనా?”

“మరి ఒంటిచేత్తో పెడతారా బావా?”

అందరూ నవ్వారు, టీ అక్క తప్ప.

“తమ్ముడూ, నిన్న నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్త మందు దొరికిందిగా అని పొద్దున పిల్లకి పాత మాత్ర వేయలేదు. పరవాలేదుగా?”

రిపేర్లవాడు గ్లాసు కింద పెట్టేశాడు.

“అక్కా, ముందు ఇంటికెళ్లు. డాక్టరుకి ఫోన్ చేసి, ఆ మాత్ర వెయ్యి. నన్ను తర్వాత తిట్టు.”

“అదేంటి, మరి ఆ ఖాళీ?”

“ఖాళీ కనబడ్డ మాట నిజమే. తెర పక్కన పేర్ల పట్టీ ఉంటుంది. ఒక్కో పేరు ముందు ఒక టిక్కు. మౌసు నొక్కి చూస్తూ ఒక టిక్కు తీసేశాను. తీస్తే ఆ ముక్క కనబడకుండా పోతుందట. అది తెలియక, ఏదో కనిపెట్టానని మేడమ్‌ని కేకేశాను. ఆవిడ నవ్వి, టిక్కు మళ్లీ పెట్టారు. మొదటి నుంచీ అక్కడున్న ముక్క తిరిగొచ్చింది.”

“ఏంటది?”

“మందేనక్కా. పట్టీలో పేరు చూశాను, మీ అమ్మాయి వేసుకునే ఆ మాత్రే.”

అక్క చెప్పులు కూడా వేసుకోలేదు. ప్లంబర్ బావ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

ఆమె తిరిగొచ్చి, “వేశాను. పిల్ల బాగానే ఉంది” అనేదాకా టీ గిన్నె దగ్గర రిపేర్లవాడే నిలబడ్డాడు. వచ్చినవాళ్లకి టీ పోశాడు. రీసెర్చి సెంటర్ కబుర్లు ఎవరడిగినా, టీలో చక్కెర సరిపోయిందా అనడిగాడు.